లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష: మధుమేహం ఉన్నవారి వైపు నుంచి ఒక సమీక్ష

మధుమేహం ఉన్నవారికి వైద్యులు క్రమం తప్పకుండా రాసే పరీక్షల్లో, రక్తంలోని కొవ్వులను చూపే లిపిడ్ ప్రొఫైల్ ఒకటి. టైప్ 2 మధుమేహం ఉన్న నేను ఈ పరీక్షను చాలాకాలంగా ఒకే ల్యాబులో చేయించుకుంటున్నాను. రక్తం తీయడం మొదలుకొని నివేదిక చేతికి వచ్చేదాకా వాళ్ల పనిలో మెచ్చుకోదగినవి ఎన్నో ఉన్నాయి. అయితే నివేదిక తెరవగానే అందరూ ముందుగా చూసే అంకె, చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్. మధుమేహం ఉన్న మనిషి విషయంలో ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. నా అభ్యంతరం ప్రధానంగా దాని మీదే కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ఒక్క అంకెకే పోతుంది.

ముందు బాగున్న సంగతి చెప్పాలి. వచ్చినవారిని వెంటనే సూదికి పిలవరు. కొన్ని నిమిషాలు కుర్చీలో స్థిమితంగా కూర్చోనిచ్చి, ఆ తర్వాతే రక్తం తీస్తారు. మనిషి పడుకుంటే రక్తంలో నీటి శాతం పెరిగి కొలెస్ట్రాల్ తక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే భంగిమలో తీయడం అవసరం. చేతికి కట్టిన రబ్బరు పట్టీని ఎక్కువసేపు ఉంచితే అంకెలు పెరుగుతాయి. ఇక్కడి టెక్నీషియన్ గొట్టంలోకి రక్తం దిగడం మొదలవగానే పట్టీ వదులు చేస్తారు. చూడటానికి చిన్న పనే అయినా, కొలత మీద శ్రద్ధ ఉన్నవారు మాత్రమే ఇలా చేస్తారు.

ఉపవాసం విషయంలో మాత్రం వాళ్ల పద్ధతి మారాలి. ఎవరు ఫోన్ చేసినా పరగడుపునే రమ్మంటారు, ఇన్సులిన్ తీసుకుంటున్నారా అని అడగరు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు రాత్రి నుంచి ఏమీ తినకుండా వస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మామూలు లిపిడ్ పరీక్షకు ఉపవాసం తప్పనిసరి కాదని యూరప్ నిపుణుల సంఘాలు 2016లోనే సూచించాయి. మామూలు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు సగటున పెరిగేది 26 వరకేనని అవి లెక్కగట్టాయి (ఇక్కడి అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాములలో). ట్రైగ్లిజరైడ్లు 440 దాటినప్పుడు పరగడుపున మళ్లీ చేయించుకుంటే చాలు. ఈ సంగతి ఫోన్ ఎత్తేవారికి తెలిసి ఉండాలి.

ఇక ఎల్‌డీఎల్ సంగతి. ఈ ల్యాబు మొత్తం కొలెస్ట్రాల్‌ను, మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లను నేరుగా కొలుస్తుంది. ఎల్‌డీఎల్‌ను కొలవదు, లెక్కగడుతుంది. వాడే సూత్రం 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే ముగ్గురు ప్రచురించినది: మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌ను తీసివేసి, ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించగా వచ్చినదాన్ని కూడా తీసివేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ కణాల్లో కొలెస్ట్రాల్ ఎప్పుడూ ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతే ఉంటుందన్న అంచనా మీద ఈ లెక్క నిలబడింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది చాలావరకు సరిపోతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరంలో కాలేయం కొవ్వు దట్టించిన పెద్ద వీఎల్‌డీఎల్ కణాలను ఎక్కువగా విడుదల చేస్తుంది. వాటిలో ట్రైగ్లిజరైడ్ల పాలు పెరిగి, ఐదో వంతు అన్న నిష్పత్తి చెదిరిపోతుంది. అప్పుడు 5తో భాగిస్తే తీసివేయవలసినదానికన్నా ఎక్కువ తీసివేసినట్టవుతుంది, ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం వాడకూడదని అందరికీ తెలుసు. అంతగా ఎవరూ పట్టించుకోనిది, ట్రైగ్లిజరైడ్లు 200కు పైన, ఎల్‌డీఎల్ 70కి దగ్గరగా ఉండే పరిస్థితి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్న మధుమేహుల్లో చాలామంది ఉండేది సరిగ్గా అక్కడే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మొత్తం కొలెస్ట్రాల్ 160, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 290 అనుకుందాం. పాత సూత్రం ప్రకారం ఎల్‌డీఎల్ 66. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు ఉండాలన్నది 2019 యూరప్ మార్గదర్శకాల లక్ష్యం కాబట్టి, ఈ నివేదిక చూసినవారు మందు మోతాదు సరిపోయిందని అనుకుంటారు. అవే మూడు అంకెలను 2020లో శాంప్సన్ బృందం ప్రచురించిన సూత్రంలో పెడితే ఎల్‌డీఎల్ సుమారు 77 వస్తుంది. రక్తం అదే, కొలతలు అవే. లెక్క మారేసరికి మందు పెంచాలా వద్దా అన్న నిర్ణయమే మారిపోయింది. ట్రైగ్లిజరైడ్లు 800 వరకు ఉన్నా పనికివచ్చేలా రూపొందించిన సూత్రం అది. అంతకుముందు 2013లో మార్టిన్ బృందం 5 అనే స్థిరమైన అంకెకు బదులు మనిషిని బట్టి మారే భాజకాన్ని ప్రతిపాదించింది. ఈ రెండింటిలో దేనికీ అదనపు రక్తం గానీ, కొత్త రసాయనం గానీ అక్కరలేదు. కంప్యూటరులో సూత్రం మారిస్తే సరిపోతుంది. ఎందుకు మార్చలేదని నేను అడిగితే, యంత్రంతో పాటు వచ్చిన అమరికనే వాడుతున్నామని జవాబు వచ్చింది. ఒక మనిషి ఏళ్ల తరబడి వేసుకోవలసిన మందును నిర్ణయించే అంకె విషయంలో ఈ జవాబు నాకు ఏమాత్రం సరిపోలేదు.

మీ ల్యాబు ఏ సూత్రం వాడుతోందో మీరే కనుక్కోవచ్చు. నివేదికలో వీఎల్‌డీఎల్ అని ఒక వరుస ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే సరిగ్గా ఆ అంకే వచ్చి, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ మూడూ కలిపితే మొత్తం కొలెస్ట్రాల్ అయితే, అది 1972 నాటి లెక్కే. పై ఉదాహరణలో వీఎల్‌డీఎల్ 58 అని అచ్చవుతుంది. దాన్ని ఎవరూ కొలిచి రాయలేదు.

అదనంగా చెల్లిస్తే ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష కూడా ఈ ల్యాబులో ఉంది. పేరు చూసి అదే కచ్చితమైనదని అనుకోవడం సహజం, కానీ ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగిన రక్తంలో అది కూడా తడబడుతుంది, పైగా ఒక్కో తయారీదారు రసాయనం ఒక్కో ఫలితం ఇవ్వవచ్చు. అసలైన ప్రమాణ పద్ధతిలో రక్తరసాన్ని అత్యంత వేగంగా తిప్పి కణాలను వేరుచేస్తారు. అది రోజువారీ ల్యాబుల్లో జరిగే పని కాదు.

అదనపు ఖర్చు పెట్టేటట్టయితే దాన్ని, కొలెస్ట్రాల్ కణాల మీద ఉండే అపోబీ అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్షకు పెట్టమంటాను. మధుమేహంలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, చిక్కగా మారతాయి. ఒక్కో కణంలో కొలెస్ట్రాల్ తగ్గి, కణాల సంఖ్య మాత్రం ఎక్కువగానే ఉంటుంది. ధమనుల గోడల్లోకి చొరబడేది కణం. ఎల్‌డీఎల్ కణమైనా వీఎల్‌డీఎల్ కణమైనా ఒక్కొక్కదానికి ఒకే ఒక్క అపోబీ అణువు ఉంటుంది కాబట్టి, అపోబీని కొలిస్తే కణాలను లెక్కపెట్టినట్టే. దీనికి ఉపవాసం కూడా అవసరం లేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 80 లోపు, మరీ ఎక్కువగా ఉన్నవారిలో 65 లోపు ఉండాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ల్యాబులో ఆ పరీక్ష ఉంది, కానీ మనం పేరుపెట్టి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

అపోబీ చేయించుకోలేని వారికి పైసా ఖర్చులేని మార్గం నాన్ హెచ్‌డీఎల్: మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసివేస్తే చాలు. ఇందులో ఏ అంచనా లేదు, ట్రైగ్లిజరైడ్ల ఊసే లేదు. పై ఉదాహరణలో అది 124. ఎల్‌డీఎల్ 70 లోపు ఉండవలసిన మనిషికి నాన్ హెచ్‌డీఎల్ లక్ష్యం 100 లోపు; అంటే 66 అన్న అంకె దాచిపెట్టిన సంగతిని ఈ ఒక్క తీసివేత బయటపెట్టేసింది. ఇంత సులువైన వరుసను నివేదికలో అచ్చువేయకపోవడం ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోపం.

వేలి చుక్కతో ఇంట్లోనే చూసుకునే కొలెస్ట్రాల్ మీటర్లను మందు మార్చే నిర్ణయాలకు నేను నమ్మను. షుగరు బాగా అదుపు తప్పిన రోజుల్లో చేయించుకున్న పరీక్షను కూడా తుది మాటగా తీసుకోకూడదు; షుగరు అదుపులోకి వచ్చాక ట్రైగ్లిజరైడ్లు తరచు వాటంతటవే దిగుతాయి, అప్పుడు మళ్లీ చూడాలి. స్టాటిన్ మొదలుపెట్టినా మోతాదు మార్చినా 4 నుంచి 12 వారాల్లో ఒకసారి చేయించుకోవాలి, వీలైనంతవరకు అదే ల్యాబులో.

రక్తం తీసే తీరు కోసం నేను ఇదే ల్యాబుకు వెళుతూ ఉంటాను. నివేదికలో నాన్ హెచ్‌డీఎల్ వరుస, ఎల్‌డీఎల్ పక్కన వాడిన సూత్రం పేరు చేర్చమని రాతపూర్వకంగా కోరాను. అవి చేరేదాకా, ట్రైగ్లిజరైడ్లు 200 దాటినవారు ఇక్కడి ఎల్‌డీఎల్ అంకెను ఒంటరిగా వైద్యుని ముందు పెట్టవద్దని, తీసివేత తామే చేసి పక్కన రాసుకుని తీసుకెళ్లాలని కోరుతున్నాను.