మద్రాసు ప్లేట్లు హైదరాబాదుకి: రైలా, లారీనా, కారా?

గ్రామఫోను రికార్డులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తరలించేవాళ్లు ముందు లెక్క వేసుకోవాల్సింది, దారిలో పెట్టె ఎన్నిసార్లు చేతులు మారుతుందని. మా పెదనాన్న గారి గ్రామఫోను ప్లేట్లన్నీ చెన్నై టీ నగర్ నుంచి హైదరాబాదు మణికొండలో అక్క వాళ్ల ఫ్లాటుకి చేర్చే పని నా మీద పడ్డప్పుడు, కనుక్కున్న ప్రతి సర్వీసునీ ఈ ఒక్క లెక్కతోనే తూచాను. ఒకప్పుడు తెలుగు సినిమా అంతా మద్రాసులోనే ఉండేది కాబట్టి టీ నగర్, కోడంబాక్కం చుట్టుపక్కల తెలుగిళ్లలో ఇలాంటి బీరువాలు ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. వాళ్లకి పనికొస్తుందని ఎక్కడ దిగామో, దేనికి ఎంత విలువ ఉందో కూడా రాస్తున్నాను.

ముందు సరుకు సంగతి. బీరువాలో మూడు రకాలున్నాయి. ఎక్కువ పాటలు పట్టే 12 అంగుళాల ఎల్పీలు, పక్కకి రెండేసి పాటలుండే 7 అంగుళాల ఈపీలు, పాత నాటక పద్యాలూ హరికథలూ ఉన్న 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు. మొదటి రెండూ వినైల్ అనే ప్లాస్టిక్‌వి. కింద పడినా పగలవు కానీ ఎండకి వంగిపోతాయి. 78లు లక్క ప్లేట్లు. చెయ్యి జారితే రెండు ముక్కలే. అంటే ఒకే కారులో రెండు రకాల భయాలు పెట్టుకుని ప్రయాణం. అట్టతో కలిపి ఎల్పీ ఒక్కోటి పావు కిలోకి అటూ ఇటూగా తూగుతుంది, వంద ఎల్పీలంటే పాతిక కిలోల బియ్యం బస్తా అన్నమాట.

వెళ్లే కాలం కూడా ముఖ్యమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు, అట్టపెట్టె తడిస్తే అంతే సంగతులు. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు, ఒంగోలు మీదుగా వినైల్ తీసుకెళ్లడం సాహసం. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో బయల్దేరాం. అక్క వేసవి సెలవుల్లో అయితే పిల్లలు కూడా వస్తారంది. పెదనాన్న ఒప్పుకోలేదు. "పిల్లలు మళ్లీ వేసవికి వస్తార్లేవే, ప్లేటు వంగితే మళ్లీ తిన్నగా వస్తుందా?" అన్నారు.

చెన్నైలో పాండీ బజార్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రం, టిఫిను బాగుంది, కానీ లిఫ్టు ఇరుకు, వీధిలో బండి ఆపుకునే చోటు లేదు. మనిషి ఒక్కడే అయితే హాయిగా ఉండొచ్చు, సామానుతో అయితే వద్దు. ప్యాకింగ్ అంతా పెదనాన్న ఇంటి హాల్లోనే చేశాం.

అట్టపెట్టెల కోసం జార్జ్ టౌన్ వెళ్లడం మంచి పనైంది. ఇల్లు మారేవాళ్లకి అమ్మే పెద్ద పెట్టెలు దీనికి పనికిరావు. వాటిలో రికార్డులు పడుకోబెట్టాల్సి వస్తుంది, పైవాటి బరువంతా కిందవాటి మీద పడుతుంది. నిలబెడితే పక్కన ఖాళీ మిగిలి ఒరుగుతాయి. ఎల్పీ అట్ట పక్కకి 31 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. లోపలి కొలత 13 అంగుళాలు చెప్పి, రెండు పొరల గట్టి అట్టతో పెట్టెలు చేయించాం. పెట్టెకి యాభైకి మించకుండా నిలువుగా పేర్చాం. అంతకంటే ఎక్కువ పెడితే ఒక మనిషి తేలిగ్గా ఎత్తలేడు, తేలిగ్గా ఎత్తలేని పెట్టెని ఎవరైనా ఈడుస్తారు, లేకపోతే పడేస్తారు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్పాలి. రికార్డుని అట్ట లోపలే ఉంచి పంపితే ప్రతి కుదుపుకీ దాని అంచు అట్ట కుట్టుని లోపల్నుంచి కోస్తుంది. అందుకని ప్లేటుని లోపలి కాగితం కవరుతో సహా బయటికి తీసి, అట్ట వెనకాల ఆనించి, రెండింటికీ కలిపి పాలిథీన్ తొడుగు వేశాం. పాత దళసరి పీవీసీ కవర్లు మాత్రం తీసి పారేశాం. ఏళ్ల తరబడి అంటుకుని ఉంటే అవి రికార్డు మీద మసకలాంటి పొర వదుల్తాయి. ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే పెదనాన్న ప్రతి దానికీ ఒక కథ చెప్పడం మొదలెట్టారు. ఆ కథలకి పట్టిన టైములో ఇంకో ఇల్లు ఖాళీ చెయ్యొచ్చు.

78లకి వేరే ఏర్పాటు. వాటినీ నిలువుగానే, పెట్టెకి తక్కువగా, ప్లేటుకీ ప్లేటుకీ మధ్య పల్చటి ఫోమ్ షీటుతో, పెట్టె అడుగున, నాలుగు పక్కలా దళసరి ఫోమ్ వేసి పెట్టాం. మరీ అపురూపమైన కొన్నింటిని అక్క విమానంలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. చేతిసామాను 7 కిలోలు కాబట్టి పట్టేవి కొన్నే, కానీ చేతులు మారవు.

ఇక సర్వీసులు. రైలు టికెట్టుతో పాటు థర్డ్ ఏసీలో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితంగా తీసుకెళ్లొచ్చు. పెట్టెలు తక్కువైతే నా ఓటు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కే. రాత్రి ప్రయాణం, చల్లటి బోగీ, సామాను కళ్ల ముందే సీటు కింద. అంతకు మించితే పార్సిల్ ఆఫీసులో బుక్ చెయ్యాలి, లెక్క అక్కడే మారిపోతుంది. తూకం, ట్రాలీ, ప్లాట్‌ఫారం, పార్సిల్ వ్యాను, దిగాక మళ్లీ ఇదంతా తిరగేసి. 'ఓనర్స్ రిస్క్' (పాడైతే నష్టం మనదే) అని రాయించుకుంటే చవక, విలువ ప్రకటించి రైల్వే రిస్కు మీద పంపితే అదనంగా కట్టాలి. డబ్బు వెనక్కి రావచ్చు గానీ విరిగిన లక్క ప్లేటు రాదు కదా.

ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లని ఇద్దరు ముగ్గుర్ని పిలిచాం. ఒకాయన బీరువా వంక చూసి "పుస్తకాలే కదా సార్" అన్నాడు. ఇన్సూరెన్సు గురించి అడిగితే ఇంటి సామాను కింద మొత్తానికి ఒకటే విలువ వేస్తామన్నారు, పగుళ్లకి వర్తిస్తుందా అంటే సూటిగా జవాబు రాలేదు. పైగా సామాను తక్కువైతే వేరేవాళ్ల సరుకుతో కలిపి లారీ ఎక్కిస్తారు, మధ్యలో గోడౌన్లో దించి మళ్లీ ఎక్కిస్తారు. మంచాలు, ఫ్రిజ్ మాత్రం వాళ్లకే ఇచ్చాం. ఆ పని బాగా చేశారు, పేచీ లేదు. ప్రైవేటు బస్సు పార్సిల్ అన్నిటికంటే చవక, వేగం కూడా. కానీ బస్సు కింద డిక్కీలో ఏ సూట్‌కేసు దేని మీద పడుతుందో ఎవరికీ తెలియదు.

చివరికి డ్రైవరుతో ఇన్నోవా మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణం బాడుగ కూడా మనమే కట్టాలి కాబట్టి డబ్బు లెక్కలో అన్నిటికంటే ఖరీదు. చేతుల లెక్కలో మాత్రం ఇంట్లోంచి కారుకి, కారులోంచి ఇంటికి, అంతే. వెనక సీట్లు మడిచి పెట్టెల్ని ఒకే వరసలో పేర్చాం, ఒకదాని మీద ఒకటి పెట్టలేదు. ఏసీ గాలి వెనక్కి తగిలేలా చూసుకున్నాం, అద్దాలకి పాత దుప్పట్లు కట్టాం. డ్రైవరు గుమ్మిడిపూండి మనిషి, తెలుగు బాగా వచ్చు. గుంత వచ్చిన ప్రతిసారీ "ప్లేట్లు, ప్లేట్లు" అని తనకి తనే చెప్పుకుని బ్రేకు వేసేవాడు. ఈ ప్రయాణం మొత్తంలో డబ్బుకి తగిన సేవ ఎవరిదంటే నేను ఆయన పేరే చెప్తాను.

హైదరాబాదుకి విజయవాడ మీదుగా కూడా వెళ్లొచ్చు కానీ ఇంచుమించు వంద కిలోమీటర్లు చుట్టు. మేం ఒంగోలు దాటాక అద్దంకి నుంచి నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకున్నాం. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట దాకా ఆగలేదు. భోజనానికి నెల్లూరు. ఇక్కడే అసలు చిక్కు. చేపల పులుసు బాగుండే మెస్సు ఊళ్లో ఇరుకు వీధిలో ఉంది, బండి ఎండలో నిలబెట్టాలి. మూసిన కారు ఎండలో ఎంత వేడెక్కుతుందో అందరికీ తెలిసిందే, జనవరైనా సరే. అందుకని వంతులవారీగా తిన్నాం. ఒక బ్యాచ్ లోపల, ఒకరు ఏసీ వేసుకుని కారులో. ఇలాంటి సామానుతో వెళ్లేవాళ్లకి ఊళ్లో మెస్సు కంటే హైవే పక్కన చెట్ల నీడ ఉన్న ఓ మాదిరి హోటలే మేలు. రుచి విషయంలో మాత్రం ఊళ్లోదే గెలిచింది.

రాత్రి బస ఒంగోల్లో. చెన్నై నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, సగం దారి. పెదనాన్న వయసుకి ఒక్క రోజులో మొత్తం లాగడం కష్టం. హోటలు వెతికినప్పుడు నేను ఫోన్లో అడిగినవి రెండే. గ్రౌండ్ ఫ్లోర్ గది ఉందా, కారు కప్పు కింద పెట్టొచ్చా. పేరున్న హోటలు రెండింటికీ లేదంది. బైపాస్ దగ్గర చిన్న హోటలు రెండింటికీ ఉందంది. పక్కబట్టలు పాతవి, వేడినీళ్లు పొద్దున ఏడు దాటాక గానీ రాలేదు, గోడ అవతల టీవీ మోత. అయినా మార్కులు దీనికే. పెట్టెలు దించకుండా కారులోనే, నీడలో, వాచ్‌మన్ కుర్చీ ఎదురుగా ఉన్నాయి. గదిలోకి 78ల పెట్టెలొక్కటే తెచ్చుకున్నాం. అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనకుండా పెదనాన్న ఊరు కదలనివ్వలేదు.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరడంతో ఎండెక్కేసరికి పిడుగురాళ్ల సున్నం బట్టీలు దాటేశాం. దాచేపల్లి, వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన, మిర్యాలగూడ, నల్గొండ. రోడ్డు మొత్తం మీద బాగుంది. ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లే ఎక్కువ. టిఫిను మిర్యాలగూడలో, చెప్పుకోదగ్గదేం కాదు.

మణికొండ చేరాక పెట్టెలు ఒక రోజు అలాగే ఉంచి, గది వేడికి సర్దుకున్నాకే విప్పాం. అరల దగ్గర పెద్ద చర్చ జరిగింది. అక్క హైటెక్ సిటీ ఐకియాలో కల్లాక్స్ అనే గడుల అర చూసి వచ్చింది. గడి 33 సెంటీమీటర్లు, ఎల్పీలకి కొలిచినట్టే సరిపోతుంది. కానీ అరకి 13 కిలోలే పెట్టమని వాళ్లే చెప్తారు, గడి నిండా ఎల్పీలు కుక్కితే అంతకు మించిపోతుంది. ఈపీలకి అదే కొన్నాం, ఎల్పీలకి వడ్రంగి చేత 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, అడుగుకో అడ్డపలక పెట్టించి చేయించాం. పాలిష్ అంత నునుపుగా రాలేదు. అర మాత్రం కదలదు.

రికార్డులు వాయించే టర్న్‌టేబుల్ విషయంలో అక్క కొడుకు న్యూజెర్సీ నుంచి పాతది పంపుతానన్నాడు. వద్దన్నాం. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్, మనది 50 (సెకనుకి కరెంటు అటూ ఇటూ ఊగే సార్లు). ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి సర్దుకుంటుంది కానీ, పాతకాలం సింక్రనస్ మోటారు ఈ ఊగే లెక్కని బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీ 28 దగ్గర తిరిగి ఏ గాయకుడైనా నిద్రమత్తులో పాడినట్టు వస్తుంది. ఇక్కడే ఆడియో-టెక్నికా ఎల్పీ120ఎక్స్ మోడల్ కొన్నాం. 78 వేగం కూడా ఉండడమే కారణం.

అమర్చడం ఇంట్లోనే అయింది. డెమో మనిషి కోసం ఎదురుచూడనక్కర్లేదు. మేస్త్రీల రసమట్టం ఒకటి పెట్టి బల్ల సమంగా ఉందో లేదో చూశాం. స్పీకర్లు వేరే స్టాండ్ల మీదకి మార్చాం, ఒకే బల్ల మీద ఉంటే వాటి అదురు సూదికి తగిలి గుయ్యిమంటుంది. తర్వాత టోన్‌ఆర్మ్ వెనక బరువుని తిప్పుతూ, సూదిని మోసే ఆ చెయ్యి గాల్లో సమంగా తేలేదాకా సర్ది, అక్కడ డయలు సున్నా మీద పెట్టి, అప్పుడు బరువుతో కలిపి 2 గ్రాములకి తిప్పాం. దాంతో వచ్చే సూదికి అదే బరువు. సూది లోపలి వైపు జారకుండా ఆపే యాంటీ స్కేటింగ్ కూడా 2. బరువు తక్కువైతే సూది గాడి తప్పుతుంది, రికార్డు పాడయ్యేది అప్పుడే. ఎక్కువ బరువుకి భయపడి మరీ తగ్గించేవాళ్లు ఇది తెలుసుకోవాలి. టర్న్‌టేబుల్ వెనకున్న స్విచ్ 'లైన్' మీద ఉంచితే మామూలు యాంప్లిఫయర్‌కి నేరుగా తగిలించొచ్చు.

78లకి సూది వేరు. ఎల్పీ సూది మొన ఆ వెడల్పాటి గాడిలో అడుగుకి దిగిపోయి బరబర శబ్దం తప్ప పాట సరిగా రాదు. దాదాపు నాలుగు రెట్లు లావుపాటి మొన ఉన్నది కావాలి, దాని బరువు కూడా వేరేగా సర్దాలి. తుడవడంలోనూ తేడా ఉంది. వినైల్‌కి స్పిరిట్ కొద్దిగా కలిపిన డిస్టిల్డ్ వాటర్ వాడతారు. లక్క ప్లేటుకి అది తగిలితే లక్కే కరిగిపోతుంది, ఉత్త నీళ్లతోనే తుడవాలి.

పెదనాన్న పాత హెచ్ఎంవీ ఫియస్టా రికార్డు ప్లేయరు కూడా మాతో వచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో ఇద్దర్ని అడిగితే ఒకాయన చూడను కూడా లేదు, రెండో ఆయన మూత తీసి లోపలి రబ్బరు చక్రం గట్టిపడిపోయిందని, కొత్తది పోయించి ఇస్తానని అన్నాడు. అడ్వాన్స్ కూడా తీసుకోలేదు, వారం ఆగి ఫోన్ చెయ్యమన్నాడు. పెదనాన్న మూడో రోజు నుంచే చేస్తున్నారు.