ర్యాకు దగ్గరికా, లాగిన్‌లోకా?

నల్లగొండలో నేను చదివే డిగ్రీ కాలేజీ లైబ్రరీకి రెండు దారులు. ఒకటి ర్యాకులు, రెండోది ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ లాగిన్.

స్టూడెంట్లకు ర్యాకే నయం అంటాను. 330 దగ్గర ఎకనామిక్స్, 540 దగ్గర కెమిస్ట్రీ, 894.827 దగ్గర తెలుగు సాహిత్యం. సబ్జెక్టును బట్టి పుస్తకాలకు వేసే ఈ డ్యూయీ నంబర్లు అలవాటైతే ఎవర్నీ అడగక్కర్లేదు. ఒకటి వెతుకుతుంటే పక్కనే అంతకన్నా మంచి పుస్తకం కనబడుతుంది, ఫోన్‌లో ఆ ముచ్చట ఉండదు. చిక్కల్లా పరీక్షల ముందే. తెలుగు మీడియం టెక్స్ట్‌బుక్ రెండే కాపీలు, అందులో ఒకటి ఎప్పుడూ ఏదో ఒక సార్ బీరువాలో ఉంటుంది. పోయిన సెమిస్టర్‌లో రెండోది నాకు దొరికింది. సరిగ్గా నాకు కావాల్సిన పాఠమే ఎవరో చింపుకుపోయారు! సాయంత్రం కూర్చుందామంటే దేవరకొండ బస్సు టెన్షన్.

ఎన్-లిస్ట్‌ను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ నడుపుతుంది. కాలేజీకి సభ్యత్వం ఉండి మనకు ఐడీ ఇస్తే, రాత్రి పదకొండింటికైనా ఇంట్లోంచే ఈ-జర్నల్స్, ఈ-బుక్స్ తెరవొచ్చు. పీహెచ్‌డీ చేస్తున్న లెక్చరర్లకు ఇదే కావాలి, వాళ్లు ర్యాకుల వైపు రావడం తక్కువే. కానీ అందులో ఎక్కువ భాగం ఇంగ్లిషే కదా, మా తెలుగు మీడియం బ్యాచ్‌లో ఐడీ తీసుకున్నవాళ్లలో చాలామంది ఒక్కసారి తెరిచి వదిలేశారు. నేనైతే పాస్‌వర్డ్ కూడా మర్చిపోయాను.