అట్టపెట్టెల యూనిట్‌లో ఈఆర్‌పీనెక్స్ట్: మూడేళ్ల వాడకం తర్వాత

స్టాకు, ఉత్పత్తి, ఖాతాల లెక్కలన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్. ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు అని దాన్ని మొదలుపెట్టాం. డబ్బు మిగిలిన మాట నిజమే. సెట్టింగులను మాత్రం ఒక్క పూటలో ముగించాను, ఆ తొందరకు ఏడాది పాటు మూల్యం చెల్లించాం. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే.

మొదటి తప్పు కొలమానం. క్రాఫ్ట్ పేపరు రీళ్లను 'సంఖ్య'లో నమోదు చేశాను. ఏ రెండు రీళ్లూ ఒకే బరువుండవు, వాడకమేమో కిలోల్లో. నెల తిరిగాక మార్చబోతే, ఈ సరుకుపై ఇప్పటికే లావాదేవీలు ఉన్నాయి కనుక మార్చడం కుదరదంది. బ్యాచ్ నంబరు పెట్టుకునే వీలుకూ అదే జవాబు. పాత కోడ్‌లన్నీ మూసేసి, కిలోల్లో కొత్తవి సృష్టించి, ప్రతి రీలుకూ ఒక బ్యాచ్ ఇచ్చాం. విసుగు పుట్టించినా ఆ కట్టుబాటు సరైనదే. మధ్యలో కొలమానం మారిస్తే పాత లెక్కలకు అర్థమే ఉండదు.

ముడిసరుకును ఎలా తగ్గించాలన్న సెట్టింగు గురించే ఎక్కువ చెప్పాలి. మొదట బీఓఎమ్ (ఒక వస్తువుకు ఏ ముడిసరుకు ఎంత కావాలో రాసుకున్న జాబితా) ప్రకారం తగ్గేలా పెట్టాం. పెట్టెకు ఇంత కాగితం అని రాసుకుంటే, అంతే వాడినట్టు సిస్టమ్ రాసేసుకుంటుంది. కానీ కాగితం జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న బరువు) చెప్పినంత కచ్చితంగా రాదు, అంచులు కోసిన తుక్కు రోజుకో తీరుగా ఉంటుంది. నెలాఖరున గోడౌన్‌లో తూస్తే లెక్కకూ సరుకుకూ పొంతన లేదు. తర్వాత, షాప్ ఫ్లోర్‌కు పంపిన సరుకు ఆధారంగా తగ్గేలా మార్చాం. దీనికీ ఒక మెలిక ఉంది: సగం వాడిన రీలును తూచి, స్టోరుకు తిరిగి వచ్చినట్టు రాయకపోతే మొత్తం ఖర్చయినట్టే చూపిస్తుంది. ఆ పని మా స్టోర్ కీపర్‌కు ఇప్పటికీ ఇష్టం లేదు.

అయిదు వేల పెట్టెల ఆర్డరుకు నూట యాభై ఎక్కువ తయారవడం మాకు మామూలే. అదనపు ఉత్పత్తి శాతం సున్నా ఉన్నంతకాలం ఎంట్రీ తిరస్కరణే. అయిదు శాతం పెట్టాక ఆ గొడవ లేదు.

స్టాకు మైనస్‌లోకి వెళ్లనిచ్చే సెట్టింగును మొదట తెరిచే ఉంచాం, పని ఆగకూడదని. ఆ నెలల ఉత్పత్తి ధరలు ఈనాటికీ నేను నమ్మను. మూసేసిన మొదటి వారం ఒక సాయంత్రం "సార్, లారీ గేటు దగ్గరే ఉంది, డెలివరీ నోట్ రావడం లేదు" అని ఫోను. వెతికితే, మూడు రోజుల క్రితం దిగిన రీళ్లకు రసీదే రాయలేదు. రసీదు లేక ఉత్పత్తి ఎంట్రీ లేదు, అది లేక పెట్టెలూ లేవు, లెక్కల్లో. లారీ గంటన్నర ఆగింది. డ్రైవరుకు టీ ఇప్పించి, రసీదులు నేనే కూర్చుని రాశాను.

పాత తేదీతో ఎంట్రీ వేస్తే తర్వాతి విలువలన్నీ మళ్లీ లెక్కగడుతుంది. మా చిన్న సర్వర్‌పై అది నత్తనడకే. అందుకే ప్రతి నెలా అయిదో తేదీకల్లా గత నెల స్టాకును స్తంభింపజేస్తున్నాం. ఆ తాళం తీసే అధికారం అకౌంటెంటుకు ఇచ్చాను, నాకు ఉంచుకోలేదు.