పాట దొరకడం ఒక ఎత్తు, పంచుకోవడం ఇంకో ఎత్తు: చాలా ఏళ్లు వాడాక బ్యాండ్‌క్యాంప్ గురించి

కొత్త సంగీతం కోసం నేను రెండు వాడతాను. ఒకటి చందా కట్టే స్ట్రీమింగ్ యాప్, రెండోది బ్యాండ్‌క్యాంప్. పని చేసుకుంటూ వినడానికి మొదటిది చాలు. కానీ ఒక పాట విని, వెంటనే ఎవరికో ఒకరికి వినిపించకపోతే తోచని పరిస్థితి మాత్రం దాదాపు ఎప్పుడూ బ్యాండ్‌క్యాంప్‌లోనే ఎదురైంది.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇది 2008లో మొదలైన సైట్. సంగీతకారులు తమ ఆల్బమ్‌ని తామే పెట్టి, ధర తామే చెప్పి అమ్ముకుంటారు. డిజిటల్ అమ్మకాల మీద సైట్ మామూలుగా తీసుకునేది 15 శాతం, సీడీలు, వినైల్ రికార్డుల మీద 10 శాతం. కోవిడ్‌తో కచేరీలు ఆగిపోయిన 2020 మార్చిలో, ఒక శుక్రవారం ఆ వాటా కూడా వదిలేశారు. సైట్ తన వాటా తీసుకోని శుక్రవారం, అంటే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే, అలా పుట్టింది. నాకు కొనాలనిపించినవి పక్కన రాసిపెట్టుకుని అలాంటి శుక్రవారం వచ్చినప్పుడే కొంటాను.

దీన్ని నేను వదలకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఆల్బమ్ పేజీలో, దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి ఇంకా ఏమేం కొన్నాడో మొత్తం తెరుచుకుంటుంది. నచ్చిన ట్రాక్ ఏదో చెప్పి, పక్కన రెండు వాక్యాలు రాసేవాళ్లూ ఉంటారు. ముక్కూ మొహం తెలియని ఒకాయన కలెక్షన్‌ని నేను ఏళ్లుగా గమనిస్తున్నాను. సగం నాకు ఎక్కవు. పాత చర్చి ఆర్గన్ మీద గంటసేపు ఒకే స్వరం పట్టుకున్న ఆల్బమ్‌లంటే ఆయనకు ప్రాణం. మిగతా సగం మాత్రం నా అంతట నేను ఎన్నటికీ చేరుకోలేని చోటికి తీసుకెళ్లాయి. యాప్‌ల సిఫార్సులు ఎక్కువగా నాలాంటి శ్రోతలు విన్నవాటి లెక్క మీద నడుస్తాయి కాబట్టి, నాకు ముందే ఇష్టమైనదానికి కాస్త అటూ ఇటూగా ఉన్నవే వస్తుంటాయి. మనిషి రుచిలో ఉండే తిక్క ఆ లెక్కకు అందదు.

ఎవరు ఏ వాయిద్యం వాయించారో చాలామంది సంగీతకారులు ఆల్బమ్ పేజీలోనే వివరంగా రాస్తారు. నేను కింది దాకా చదువుతాను. అలా ఒక క్లారినెట్ కళాకారిణి పేరు వేర్వేరు ఆల్బమ్‌లలో కనిపించేసరికి, ఆమె సొంత రికార్డింగులు వెతికి పట్టుకున్నాను.

పంపించడం తేలిక. లింక్ తెరిచేవాళ్లకు ఖాతా అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ఉత్త లింక్ పంపితే ఎవరూ వినరన్నది వేరే సంగతి. "నాలుగో ట్రాక్, రెండో నిమిషం దాకా ఓపిక పట్టు, అక్కడ డ్రమ్స్ ఆగిపోతాయి" అని రాస్తే వింటారు. విని తిట్టినా సరే, జవాబు వస్తుంది.

ఇక అభిమాన సంగీతకారులను కలవడం. ఎంతో పేరున్న ఒక గాయకుణ్ణి కచేరీ అయ్యాక వరసలో నిలబడి కలిశాను. సంతకం, ఫొటో, అంతే. ఆయన గొంతు తప్ప ఆ కలయికలో నాకు గుర్తున్నది లేదు. దానికి పూర్తిగా వేరు, బ్యాండ్‌క్యాంప్‌లో దొరికిన ఒక చిన్న బృందం. షో అయ్యాక బేస్ గిటారిస్టే బల్ల దగ్గర కూర్చుని రికార్డులు అమ్ముతున్నాడు. "మూడో పాట చివర్లో కిర్రుమని వినిపిస్తుంది, అదేంటి?" అని అడిగాను. ఒక్కసారి నవ్వి, డ్రమ్మర్‌ని కేకేశాడు: "ఇదిగో, నీ కుర్చీని కనిపెట్టారు!" మళ్లీ రికార్డు చేద్దామని ఒకరు, వద్దని ఒకరు పెద్ద గొడవే పడ్డారట. డ్రమ్మర్‌కి ఇప్పటికీ అది ఇష్టం లేదు. సామాన్లు సర్దుకుంటూనే నా ముందు మళ్లీ వాదించుకున్నారు. నచ్చినవాళ్లను కలిసే అవకాశం వస్తే "మీకు వీరాభిమానిని" అనే బదులు, పాటలో ఒక చోటు పట్టుకుని అడగండి. అవతలివాళ్ల మొహం మారిపోతుంది.

పెద్ద కంపెనీల హిట్ పాటలన్నీ ఒకేచోట కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. కొనకుండా ఊరికే వింటూ పోదామన్నా కుదరకపోవచ్చు. కొన్నిసార్లు విన్నాక కొనమని అడిగేలా పెట్టుకునే వీలు కళాకారులకు ఉంది. అది నాకు న్యాయంగానే తోస్తుంది.

సైట్ యజమానులు మారడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. 2022లో వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొంది, మరుసటి ఏడాదే సంగీతం లైసెన్సింగ్ చేసే సాంగ్‌ట్రేడర్ అనే కంపెనీకి అమ్మేసింది. ఆ మార్పులో ఉద్యోగుల్లో దాదాపు సగం మంది బయటికి వెళ్లాల్సి వచ్చింది. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా దించుకునే సౌకర్యం ఉంది కాబట్టి, కొన్నది కొన్నరోజే దించి, విడిగా హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ పెట్టుకుంటున్నాను. మీరూ అదే పని చేయండి.