తుఫాను వెళ్లాక చేతిలో మిగిలిన 500 డాలర్లు: కొత్తవాళ్లకు యాడ్స్ ఇవ్వాలా, పాత అతిథులకు ఉత్తరం రాయాలా?

కరీబియన్ దీవిలో ఎనిమిది గదుల గెస్ట్‌హౌస్ అనుకోండి. ఎగిరిపోయిన రేకులు మళ్లీ బిగించారు, ఐదు గదులు సిద్ధమయ్యాయి, జనరేటర్ నడుస్తోంది. ఇన్సూరెన్స్ డబ్బు మాత్రం ఇంకా రాలేదు. ప్రచారానికి మిగిలింది 500 డాలర్లు. నన్నడిగితే మొదటి నెల యాడ్స్ జోలికే వెళ్లొద్దంటాను.

దూరంగా ఉన్నవాళ్లకు దీవులన్నీ ఒకటే. 2019 సెప్టెంబరు 1న డోరియన్ తుఫాను బహామాస్‌లోని అబాకో దీవులను తాకి, ఆపైన గ్రాండ్ బహామా దీవి మీద కదలకుండా నిలబడింది. రాజధాని నాసౌ పెద్దగా దెబ్బతినలేదు. కానీ టీవీలో "బహామాస్ సర్వనాశనం" అని చూసినవాడికి ఆ దేశంలో 700 దీవులున్నాయని ఎవరు చెబుతారు? 2024 జులై 1న బెరిల్ తుఫాను గ్రెనడా దేశపు చిన్న దీవి కారియాకూను ఊడ్చేసినప్పుడూ ఇంతే. గ్రెనడా ప్రధాన దీవి దక్షిణ తీరానికి అంత నష్టం లేకపోయినా, పేరు ఒకటే కాబట్టి అనుమానం అందరి మీదా పడింది. తుఫాను తర్వాత ప్రచారం చేయాల్సిన మొదటి పని ఈ అనుమానం తీర్చడమే, డిస్కౌంట్ చూపించడం కాదు.

యాడ్ ఆ పని చేయలేదు. ఆ వారాల్లో దీవి పేరు వెతికేది ఎవరు? బంధువుల క్షేమం కోసం కంగారు పడేవాళ్లు, విలేకరులు, సహాయం పంపాలనుకునేవాళ్లు. వాళ్లు నొక్కినా మీ డబ్బు ఖర్చవుతుంది. పైగా గూగుల్ యాడ్స్‌లో లొకేషన్ సెట్టింగ్ ముట్టుకోకుండా వదిలేస్తే, ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకే కాదు, దాని మీద ఆసక్తి చూపినవాళ్లకీ ప్రకటన వెళ్తుంది. ఇక శవాలు వెతుకుతున్న వీడియో కిందే "బీచ్ వ్యూ గది, 30 శాతం తగ్గింపు" కనబడితే చూసేవాడి మనసు ఎలా ఉంటుంది? నాకైతే ఊహించడానికే కష్టంగా ఉంది.

పాత అతిథి సంగతి వేరు. మీ వరండా, అక్కడి కుర్చీ అతనికి గుర్తున్నాయి. మీరెలా ఉన్నారోనని అతనే ఆరాటపడుతుంటాడు. అతనికి రాసే ఉత్తరం ఇలా ఉంటే చాలు: "మేమంతా క్షేమం. ఐదు గదులు సిద్ధం, మూడింటికి పైకప్పు పని సాగుతోంది. నీళ్లున్నాయి, కరెంటు రాత్రి పది దాకా జనరేటర్ మీద. ముందున్న బాదం చెట్టు పడిపోయింది. ఈ ఫొటో నిన్న ఉదయం తీసింది." చెట్టు పడిపోయిందని చెప్పారు కాబట్టే గదులు సిద్ధమన్న మాటా నమ్ముతారు. అడ్వాన్సు అడగదలిస్తే తేదీ మార్చుకునే వీలు, వాపసు షరతు అదే ఉత్తరంలో రాయండి. ఐదు గదులు నింపడానికి వేలమంది అక్కర్లేదు.

దీనికీ ఇబ్బందులున్నాయి. అతిథుల వివరాలు రిసెప్షన్ పుస్తకంలోనే ఉండి, అది తడిసిపోతే చేసేదేమీ లేదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ఈమెయిల్ నయం. 2017లో మరియా తుఫాను తర్వాత ప్యూర్టోరికోలో 95 శాతం సెల్ సైట్లు పనిచేయలేదు. కాబట్టి జాబితా కాపీ దీవి బయట కూడా ఒకచోట ఉండాలి, అక్కడి మనిషి మీ తరఫున పంపగలిగేలా.

వీటికన్నా ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది: గూగుల్ మ్యాప్స్ లిస్టింగ్. "తాత్కాలికంగా మూసివేశారు" అన్నది ఇంకా అలాగే ఉందేమో చూడండి. ల్యాండ్‌లైన్ చచ్చిపోతే పనిచేసే నంబరు పెట్టండి.

బుకింగ్ సైట్ల కమీషన్ తరచూ 15 శాతం, ఒక్కోసారి అంతకు మించి, బరువే. అయినా డబ్బు లేని రోజుల్లో యాడ్స్ కన్నా అవే మేలంటాను, అతిథి వస్తేనే కదా కోత. సిద్ధమైన గదులే క్యాలెండర్‌లో తెరవండి. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పోస్టులు తేదీ వేసిన ఫొటోలకు పనికొస్తాయి, అంతకు మించి ఆశపడొద్దు.

మరి పాత అతిథుల జాబితాయే లేని చిన్న హోటలో, షిప్పుల్లో వచ్చేవాళ్ల మీద బతికే దుకాణమో అయితే? వాళ్లకు నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. తుఫాను తర్వాత దీవిలో లైన్‌మెన్, ఇన్సూరెన్స్ సర్వేయర్లు, వాలంటీర్లు ఉంటారు. వాళ్లకు వేడి అన్నం కావాలి. దీవిలో ఉన్నవాళ్లకే కనబడేలా సెట్టింగ్ మార్చి, రోజుకు ఐదు డాలర్లతో "మధ్యాహ్న భోజనం ఉంది" అని ఒక యాడ్ నడిపితే మొదటి రోజు నుంచే ఉపయోగం.

గెస్ట్‌హౌస్‌కు యాడ్స్ వేళ తర్వాత వస్తుంది. హరికేన్ సీజన్ నవంబరు 30తో ముగుస్తుంది, డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అసలు రద్దీ. విమానాలు, ఫెర్రీలు మళ్లీ షెడ్యూల్‌లోకి వచ్చాయని రూఢి చేసుకుని, నేరుగా విమానం ఉన్న నగరాలకే ఆ 500 డాలర్లూ పెట్టండి. యాడ్‌లో పెట్టే ఫొటో మాత్రం తుఫానుకు ముందుది కాకూడదు. బాదం చెట్టు లేని వరండాదే పెట్టండి.