చవగ్గా వస్తుందని ఎయిర్ గన్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

మా బావగారికి రాజమండ్రిలో ఒక షాపువాడు ఎయిర్ గన్ అంటగట్టాడండి. ‘ఇంపోర్టెడ్ సార్, వెయ్యి ఎఫ్‌పీఎస్, లోపల రైఫ్లింగ్ ఉంటుంది’ అన్నాడట. (ఎఫ్‌పీఎస్ అంటే పెల్లెట్, అదే ఇందులో పెట్టే చిన్న గుండు, సెకనుకు ఎన్ని అడుగులు వెళ్తుందో ఆ లెక్క. రైఫ్లింగ్ అంటే గుండు గిర్రున తిరుగుతూ వెళ్లేలా గొట్టం లోపల ఉండే మెలిక గాడి.) పైగా పెల్లెట్ పెట్టకుండా ఖాళీగా ఠప్పు ఠప్పుమని పేల్చి మరీ చూపించాడు. స్ప్రింగు గన్ను అలా ఖాళీగా పేలిస్తే లోపల గాలిని నెట్టే పిస్టన్‌ని ఆపే గాలి దిండు ఉండదు, అది నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది, సీలూ స్ప్రింగూ పాడవుతాయి. అమ్మేవాడే అలా చేస్తున్నాడంటే ఆ పీసు ఎంతమంది చేతుల్లో నలిగిందో మరి.

అమలాపురం తెచ్చాక చూస్తే బ్యారెల్ మడిచే చోట వదులు, ఊపితే కదులుతోంది. మడిచి వెనక నుంచి లైటు వేసి చూశాం, లోపల గాడి అన్నదే లేదు, నున్నటి గొట్టం. (చూసేటప్పుడు పెల్లెట్ లేదని చూసుకుని, బ్యారెల్ గట్టిగా పట్టుకోండి. ఠక్కున మూసుకుంటే వేళ్లు పోతాయి.) పది మీటర్ల నుంచి కొడితే ఒకటి అట్టకి, ఇంకోటి పక్కనున్న అరటి బోదెకి.

ఇక ఆ వెయ్యి ఎఫ్‌పీఎస్ సంగతి. అంటే సెకనుకు 305 మీటర్లు. మామూలు అర గ్రాము సీసం పెల్లెట్ నిజంగా ఆ వేగంతో వెళ్తే శక్తి 23 జూల్స్ వస్తుంది. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మి.మీ., శక్తి 20 జూల్స్ దాటకుండా ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి తేలికపాటి అల్లాయ్ పెల్లెట్‌తో తెచ్చిన అంకె అయినా అయ్యుండాలి, ఉత్త కోతైనా అయ్యుండాలి, నిజమే అయితే మనకి పోలీస్ స్టేషన్ టెన్షన్. అసలు పెరట్లో అట్టముక్క కొట్టడానికి అంత స్పీడెందుకండి? ఒలింపిక్స్‌లో ఎయిర్ గన్‌తో కొట్టేదీ పది మీటర్లే.

అట్ట వెనకాల ఇసక బస్తాలు పెట్టుకోండి, కొబ్బరి చెట్టుకి అట్ట కట్టి కొట్టొద్దు, పెల్లెట్ తిరిగి ఎటు ఎగురుతుందో చెప్పలేం. కొంగల జోలికి అసలే వెళ్లకండి, కేసవుతుంది.

గన్ను వెనక్కి తీసుకెళ్లి బిల్లు అడిగితే ‘పేల్చి చూపించాకేగా పట్టుకెళ్లారు’ అన్నాడు షాపువాడు. చివరికి సగం డబ్బులిచ్చి వెనక్కి తీసుకున్నాడు. రంగేసి మళ్లీ అమ్ముతాడు, అనుమానమే లేదు. బట్ (భుజానికి ఆనించే భాగం) కింద ఎడమవైపు బండి స్టాండు గీరిన పొడవాటి గీత ఉంది, కనిపిస్తే బేరమే ఆడకండి.