కేనన్ 10-18 వైడ్ లెన్స్: రెండేళ్ళు ట్రిప్పులకి తిప్పాక చెప్తున్నా

లేపాక్షి నాట్యమండపంలో పైకప్పు బొమ్మలు తీద్దామని కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ పట్టుకుని రెండుసార్లు వెళ్ళా, రెండుసార్లూ ముక్కలు ముక్కలుగానే తెచ్చుకున్నా. 18 ఎంఎం దగ్గర (ఈ నంబర్ ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పు చూస్తుంది) పెట్టినా ఒక పక్క స్తంభం ఫ్రేమ్‌లోకి వస్తే ఇంకో పక్కది పోతుంది, పోనీ వెనక్కి జరుగుదామంటే వీపుకి ఇంకో స్తంభం తగుల్తుంది. వైడ్ లెన్స్ కొనాల్సిందే అని అక్కడే ఫిక్స్ అయిపోయా.

నాది కేనన్ 200డి, క్రాప్ బాడీ, అంటే దాని సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ సైజు) కంటే చిన్నది. దానికి అప్పట్లో నేను చూసుకున్నవి మూడు, టోకినా 11-16 ఎఫ్/2.8, కేనన్‌దే పాత 10-22, ఇంకా ఈ 10-18 ఎస్‌టీఎం. ఎవర్ని అడిగినా టోకినా తీసుకో, ఎఫ్/2.8 ఉంది (ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది), రాత్రి నక్షత్రాలు కూడా తీయొచ్చు అన్నారు, నక్షత్రాల విషయంలో వాళ్ళు చెప్పింది కరెక్టే, నేనూ కాదనను. కానీ అది అర కేజీ పైన ఉంటుంది, దాంట్లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, ఫిల్టర్ కొనాలంటే 77 సైజు కొనాలి. ఈ 10-18 బరువు చూస్తే 240 గ్రాములు, అంటే పావు కేజీ పంచదార పొట్లం కంటే కాస్త తక్కువే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో కోటలెక్కి దిగేవాడికి ఆ తేడా భుజానికి తెలుస్తుంది. నేను నక్షత్రాల కోసం ఎన్నిసార్లు వెళ్తా, గుళ్ళూ కోటలూ ఎన్నిసార్లు వెళ్తా అని లెక్కేసుకుని ఇది తీసుకున్నా, సెకండ్ హ్యాండ్‌లో 11,500 పడింది.

18 కి 10 కి తేడా 8 ఎంఎమ్మే కదా అనుకునేవాళ్ళు ఉంటారు, నేనూ అనుకున్నా. కానీ వైడ్ వైపు ఒక్కో ఎంఎం చాలా ఎక్కువ. మూల నుంచి మూలకి చూస్తే 18 దగ్గర ఇది 74 డిగ్రీలు చూస్తుంది, 10 దగ్గర 107 డిగ్రీలు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో చెప్పాలంటే 16 నుంచి 29 దాకా అన్నమాట.

మూడోసారి లేపాక్షి వెళ్ళినప్పుడు ముందు అలవాటుగా చిన్న ట్రైపాడ్ తీశా. అక్కడున్న ఆయన దూరం నుంచే చూసి "సార్, స్టాండ్ పెట్టగూడదు సార్, చేత్తో ఐతే తీసుకోండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, పురావస్తు శాఖ కట్టడాల్లో పర్మిషన్ లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. అప్పుడు కెమెరాని బ్యాగు మీద లెన్స్ పైకి చూసేలా వెల్లకిలా పెట్టి, స్క్రీన్ పక్కకి తిప్పుకుని, 2 సెకన్ల టైమర్ పెట్టి నొక్కా. చుట్టూ స్తంభాల తలలు, మధ్యలో బొమ్మల వరసలు మొత్తం ఒకే ఫొటోలో వచ్చేశాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఆ బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల గళ్ళు, అంచుల్లో డిజైన్లు విడివిడిగా కనపడ్డాయి, మూలల దగ్గర మాత్రం కొంచెం మెత్తబడ్డాయి. ఎఫ్/8 పెడితే మూలలు కూడా బాగానే కుదురుకుంటాయి కానీ ఆ వెలుతురులో ఎఫ్/8 అంటే షటర్ స్లో అవుతుంది, కెమెరా కదలకుండా ఉంది కాబట్టి నడిచింది.

చేత్తో పట్టుకుని తీసినా స్టెబిలైజేషన్ బాగా పనిచేస్తుంది. 10 దగ్గర ఊపిరి బిగబట్టి స్తంభానికి ఆనుకుంటే 1/8 సెకనుకి నాలుగు తీస్తే మూడు షార్ప్‌గా వచ్చాయి, ఐఎస్ఓ (పెంచితే తక్కువ వెలుతురులోనూ ఫొటో వస్తుంది, కానీ గరుకుగా ఉంటుంది) 800 దాటాల్సిన అవసరం పెద్దగా రాలేదు. గుడి లోపల కదలని రాయిని తీసేవాడికి ఎఫ్/2.8 కంటే ఇదే ఎక్కువ ఉపయోగం అని నా గట్టి నమ్మకం. మనుషులు కదుల్తుంటే మాత్రం స్టెబిలైజేషన్ ఏమీ చేయలేదు, హారతి టైమ్‌లో తీసినవి చేతులన్నీ సాగిపోయి వచ్చాయి, అలాంటివి మీకు ముఖ్యమైతే టోకినా వైపే వెళ్ళండి.

అక్కడే బయట పెద్ద నంది ఉంది కదా, ఏకశిల. దాని దగ్గరికెళ్ళి 10 లో ముఖం ముందు నుంచి తీశా. తల భారీగా వచ్చింది, వెనక ఒళ్ళు చిన్నదైపోయింది. మొదట చూసి సూపర్ అనుకున్నా, తర్వాత నచ్చలేదు, ఎందుకంటే ఆ శిల్పి చెక్కిన కొలత నా ఫొటోలో లేదు. మెడ గంటలు, మూపురం, కూర్చున్న తీరు అన్నీ ఒకదానికొకటి ఎంత లెక్కగా ఉంటాయో ఎదురుగా నిలబడి చూసినవాళ్ళకి తెలుసు. చివరికి 18 కి తిప్పి, బాగా వెనక్కెళ్ళి, పక్క నుంచి తీసిందే ఉంచుకున్నా. నాగలింగం దగ్గర మాత్రం దీనికి రివర్స్, కింద కూర్చుని కాస్త దగ్గర నుంచి 10 లో తీస్తే ఆ పడగలు మన మీదకి విప్పినట్టు వచ్చాయి, అక్కడ ఆ సాగడమే బాగుంది.

వైడ్ అంటే దూరంగా ఉన్నదంతా పట్టేసే లెన్స్ అనుకుని కొనేవాళ్ళకి గండికోటలో నాకు జరిగింది చెప్పాలి. తెల్లవారుజామున లోయ అంచుకి వెళ్ళి 10 లో పెట్టి తీస్తే అన్నీ వచ్చాయి, కానీ ఏదీ లేదు. పెన్నా దారప్పోగులా, ఎదురు కొండ పిట్టగోడలా కనపడింది, కళ్ళతో చూస్తే గుండె జల్లుమనే లోతు ఫొటోలో లేనే లేదు. ఓ పది ఫొటోల తర్వాత అర్థమైంది, దీనికి ముందు భాగంలో ఏదో ఒకటి ఉండాలి, అదీ బాగా దగ్గరగా ఉండాలి అని. ఎర్ర బండ ఒకటి మధ్యలో చీలి ఉంటే దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరా కిందకి దించి, ఎఫ్/11 పెట్టి మీటరు దూరంలో ఫోకస్ చేశా, బండ మీద గరుకు నుంచి అవతలి కొండ దాకా అంతా షార్ప్. ఆ చీలిక వెంట కన్ను నేరుగా లోయలోకి దిగుతుంది. ఆ ట్రిప్‌లో నాకు మిగిలిన ఫొటో అదొక్కటే. లెన్స్ మీద దూరం చూపించే స్కేల్ లేదు కాబట్టి ఆ మీటరు అందాజాగా పెట్టుకోవాలి, ఇది నాకు నిజంగా చిరాకు.

ఇంకా తెలుసుకోవాల్సినవి కొన్ని. గోపురాన్ని కింద నుంచి తల ఎత్తి తీస్తే వెనక్కి వాలిపోతుంది, హంపిలో విరూపాక్ష గోపురం తీసినప్పుడు మా బావమరిది చూసి "బావా, ఇది పడిపోయేట్టుందేంటి" అన్నాడు. కెమెరాని లెవెల్‌గా పట్టుకుని కింద నేల ఎక్కువ వచ్చినా పర్లేదనుకుని తీసి తర్వాత కట్ చేసుకోవడమే నయం. గ్రూప్ ఫొటోల్లో చివర నిలబెట్టినవాళ్ళ ముఖాలు పక్కకి సాగుతాయి, మా పిన్నిని అలా చివర పెట్టి తీశా, ఆవిడకి చూపించడానికి మనసొప్పలేదు, అందుకే ఇప్పుడు మనుషులుంటే 15 కిందకి వెళ్ళను, అందర్నీ మధ్యకి జరుపుతా. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) పెడితే ఆకాశం ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేత నీలంగా వస్తుంది, వైడ్‌కి అది వద్దు.

ఫోన్‌లో 0.5 వైడ్ కెమెరా ఉంది కదా అంటారా, పగలు బయట వాట్సాప్‌కి పెట్టడానికి అది చాలు. బెలూం గుహల్లో రెండింటితోనూ పక్కపక్కన తీసి చూశా, ఫోన్‌లో గోడ మీద పొరలన్నీ కలిసి పేస్టులా అయిపోయాయి.

కేనన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) బాడీలకి ఈ లెన్స్ ఎక్కదు, ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి అడాప్టర్‌తో ఎక్కినా ఫొటో క్రాప్ అవుతుంది, ముందు ముందు ఫుల్ ఫ్రేమ్‌కి మారే ఆలోచన ఉంటే ఆగండి. ఆర్50, ఆర్10 లాంటి కేనన్ క్రాప్ మిర్రర్‌లెస్ వాళ్ళకి అడాప్టర్‌తో పనిచేస్తుంది, కానీ వాళ్ళకి 2023 లో ఆర్ఎఫ్-ఎస్ 10-18 వచ్చింది, అది 150 గ్రాములే. నికాన్ డీఎక్స్ (వాళ్ళ క్రాప్ బాడీలు) వాళ్ళయితే 10-20 ఏఎఫ్-పీ వీఆర్ చూసుకోండి, అదీ ఇదే తరహా.

మౌంట్ (కెమెరాకి తగిలించే భాగం) ప్లాస్టిక్, చాలామంది దీన్నే పెద్ద లోపంగా చెప్తారు, ఇంత తేలిక లెన్స్‌కి నాకైతే రెండేళ్ళలో ఏ ఇబ్బందీ రాలేదు. హుడ్ (పక్క నుంచి ఎండ పడకుండా లెన్స్ ముందు పెట్టేది) బాక్సులో రాదు, విడిగా కొనుక్కోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం టార్చ్ తీసుకెళ్ళండి. నేను మొదట చూసిన షాపులో లెన్స్ ఒకటి బయట నుంచి కొత్తదానిలా ఉంది, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే లోపలి గ్లాసు అంచున సాలెగూడు పోగుల్లా తెల్లగా కనపడింది. "దుమ్ము సార్, తుడిస్తే పోద్ది" అన్నాడు షాపాయన, అది ఫంగస్, తుడిస్తే పోయేది కాదు, నమస్కారం పెట్టి వచ్చేశా. టార్చ్ అయ్యాక మీ కెమెరాకే తగిలించి, ఇటుక గోడకి ఎదురుగా తిన్నగా నిలబడి 10 దగ్గర ఒకటి, 18 దగ్గర ఒకటి తీసి నాలుగు మూలలూ జూమ్ చేసి చూడండి. నాలుగూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే అది ఈ లెన్స్ తీరే, ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే అది ఎక్కడో కింద పడి ఉండొచ్చు, లేదా లోపల గ్లాసు పక్కకి జరిగి ఉండొచ్చు, ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.